రూమ్‌లో ఆ గోల, ఫెలోషిప్‌లో ఈ గోల... నిజమైన సంఘం ఎక్కడ వెతుక్కోవాలి?

పల్నాడు_కుర్రోడు

అందరికీ వందనాలు. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది గురజాల దగ్గర ఒక ఊరు. లూథరన్ సంఘంలోనే పుట్టి పెరిగా, పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం, టెన్త్ అయ్యాక కన్ఫర్మేషన్, క్రిస్మస్ వస్తే చర్చికి సున్నం వెయ్యడం స్టార్ కట్టడం అన్నీ మా బ్యాచే. ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్, గచ్చిబౌలిలో ఆఫీసు, సపోర్ట్ ప్రాజెక్ట్ కాబట్టి ఎక్కువ నైట్ షిఫ్టులే. కొండాపూర్‌లో నలుగురం కలిసి ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాం.

రూమ్మేట్స్ చెడ్డోళ్లు కాదు, అది ముందే చెప్తున్నా. నాకు డెంగ్యూ వస్తే బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని హాస్పిటల్‌కి తీసుకెళ్లింది వాళ్లే. కానీ శుక్రవారం వచ్చిందంటే సిట్టింగ్, అది ఎలాగోలా తప్పించుకుంటా, దానికంటే పెద్ద తలనొప్పి బెట్టింగ్. తెలంగాణలో ఆన్‌లైన్ డబ్బు ఆటలు 2017లోనే బ్యాన్ చేశారు, 2025 ఆగస్టులో సెంటర్ కూడా చట్టం తెచ్చింది, అయినా టెలిగ్రామ్‌లో ఎవడో లింక్ పంపుతాడు, ఇంకెవడిదో ఐడీ, ఇంకెవడిదో అకౌంట్, నడుస్తూనే ఉంది. ఒకడు లోన్ యాప్‌లో తీసుకుని కట్టలేకపోతే వాడి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు వెళ్లాయి, వాళ్ల మేనమామక్కూడా. నన్ను ఆడమని ఎవరూ బలవంతం చెయ్యరు. కాకపోతే పొద్దున లేస్తే అదే మాట, పడుకుంటే అదే మాట, ఆ బూతులే వినీ వినీ నా నోట్లో నుంచి కూడా వచ్చేస్తున్నాయి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మ "ఏంట్రా ఆ మాటలు" అంది. బైబిల్ తీస్తే "పాస్టర్ గారూ మా కోసం కూడా ఒక వికెట్ ప్రార్థన చెయ్యండి" అని నవ్వుతారు. ఆఫీసులో ఒకాయన "గొర్రె బిడ్డ" అంటాడు, జోక్ అంటాడు, సరే అంటాను.

ఇలా ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక బ్రదర్ మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో జరిగే యూత్ ఫెలోషిప్‌కి తీసుకెళ్లాడు. మొదట్లో నిజంగా ప్రాణం లేచొచ్చింది. గిటార్, పాటలు, వాక్యం, తర్వాత అందరికీ బిర్యానీ. నైట్ షిఫ్ట్ అయ్యి డైరెక్ట్‌గా వెళ్తే ఒక సిస్టర్ నాకోసం టిఫిన్ దాచి ఉంచేది. హైదరాబాద్‌లో నన్ను పేరు పెట్టి పిలిచే చోటు దొరికింది అనుకున్నా.

తర్వాత మెల్లగా మొదలైంది. పొద్దున 5కి జూమ్ ప్రార్థన, కెమెరా ఆన్‌లో ఉండాలి, రాకపోతే గ్రూప్‌లో పేరు పెడతారు (నేను షిఫ్ట్‌లో ఉంటా అని చెప్పినా). దశమభాగం చేతికొచ్చే జీతం మీద కాదు గ్రాస్ మీద ఇవ్వాలంట, పే స్లిప్ స్క్రీన్‌షాట్ లీడర్ అన్నకి పంపాలి. ఊళ్లో చర్చికి నేను పంపే కానుక ఆపెయ్యమన్నారు, అది చచ్చిన సంఘం, నామకార్థ క్రైస్తవులు అని. చిన్నప్పటి బాప్తిస్మం చెల్లదు, మళ్లీ తీసుకోవాలి, అదీ అన్న చేతుల మీదుగానే. పెళ్లి ఎవరిని చేసుకోవాలో అన్నకి దర్శనంలో బయలుపడుతుంది. నాకు టిఫిన్ దాచిన ఆ సిస్టర్ ఆ దర్శనానికి ఒప్పుకోలేదు, మానేసింది. మరుసటి రోజు గ్రూప్‌లో మెసేజ్: "ఆ సహోదరితో ఎవరూ కాంటాక్ట్‌లో ఉండకండి, నంబర్ బ్లాక్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి." కిందంతా వరసగా స్క్రీన్‌షాట్లు, ప్రతి దాని కింద ఆమెన్ ఆమెన్ అని. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అన్న ఫోన్ చేశాడు, కారణం ఏంటన్నా అని అడిగితే నీలో తిరుగుబాటు ఆత్మ ఉంది అన్నాడు.

పెనం మీద నుంచి పొయ్యిలో పడ్డట్టుంది నా పని. రూమ్‌లో ఉంటే విశ్వాసం జారిపోతుందని భయం, అక్కడికెళ్తే అన్న ఏమంటాడో అని భయం. ఊరి చర్చికి అప్పుడప్పుడు వెళ్తా కానీ అక్కడేమో కమిటీ ఎలక్షన్ గ్రూపులు, ఒక వరస వాళ్లు ఇంకో వరస వాళ్లకి వందనం కూడా పెట్టరు. నా ప్రశ్న ఒకటే, మనుషుల్ని వాడుకోకుండా వాక్యం ప్రకారం బతికే సంఘం అని ఎలా గుర్తుపట్టాలి? ఇంకో చిన్న డౌట్, దసరాకి ఆఫీసులో ఆయుధ పూజ చేసి ప్రసాదం ఇస్తారు, తింటే తప్పా? ఫెలోషిప్‌లో అయితే తిన్నోడికి దయ్యం పడుతుంది అన్నారు.

---

బెరయ_బ్యాక్‌బెంచ్

బ్రో వందనాలు. ముందు ఆ ఫెలోషిప్ నుంచి బయటికి రా, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నంబర్ బ్లాక్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టమన్న దగ్గరే అయిపోయింది. మూడో యోహాను పత్రిక ఒక్క అధ్యాయమే, ఇప్పుడే తీసి చదువు, అందులో దియొత్రెఫే అని ఒకాయన ఉంటాడు, తనే పెద్దగా ఉండాలని కోరిక, అపొస్తలుడు పంపిన వాళ్లని తను చేర్చుకోడు, చేర్చుకుందాం అన్నవాళ్లని సంఘంలో నుంచి వెలివేస్తాడు. ఆ కాలంలోనే ఉన్నారు ఇలాంటి అన్నలు. ప్రవచనాలు, దర్శనాలు నేను మొత్తానికి కాదనను, కానీ వాటిని పరీక్షించమని 1 థెస్సలొనీక 5లో ఉంది, జరగకపోతే ఆ ప్రవక్తకి భయపడొద్దని ద్వితీయోపదేశకాండం 18 చివర్లో ఉంది. పౌలు చెప్పింది కూడా బెరయ ఊరి వాళ్లు ప్రతిరోజూ లేఖనాలు తీసి అవునా కాదా అని చూసుకునేవాళ్లు, దానికి వాళ్లని మెచ్చుకున్నారే గానీ తిరుగుబాటు ఆత్మ అనలేదు. మీ అన్న పౌలు కంటే పెద్దోడా?

ఇక ప్రాక్టికల్‌గా. (1) దశమభాగానికి యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే యాప్‌లో మ్యాండేట్స్‌లోకి వెళ్లి ఈరోజే క్యాన్సిల్ చెయ్యి. పే స్లిప్‌లో నీ పాన్, పీఎఫ్ నంబర్ అన్నీ ఉంటాయి, ఇంక ఎవరికీ పంపకు. (2) "ఒకసారి వచ్చి కూర్చుని మాట్లాడు" అంటారు, వెళ్లకు, వెళ్లినా ఒక్కడివే వెళ్లకు. నలుగురు చుట్టూ కూర్చుని చెయ్యి తల మీద పెట్టి ఏడుస్తూ ప్రార్థన చేస్తే లేచి రావడం చాలా కష్టం, నేను చూశాను. మర్యాదగా రెండు లైన్ల మెసేజ్ పెట్టి గ్రూప్ లెఫ్ట్ అయిపో. (3) యాక్సిడెంట్ అవుద్ది, జాబ్ పోద్ది, శాపం అని అంటారు. అననీ. (4) ఆ సిస్టర్‌కి ఫోన్ చెయ్యి. నీకంటే ఆమెకే ఇప్పుడు ఎక్కువ అవసరం.

ఎక్కడికి వెళ్లాలి అంటే నేనైతే ఇ.జి.ఎఫ్. (ఇవాంజెలికల్ గ్రాడ్యుయేట్స్ ఫెలోషిప్) చెప్తా. ఇంజినీరింగ్‌లో ఉన్నప్పుడు మా క్యాంపస్‌లో ఇ.యు. (ఇవాంజెలికల్ యూనియన్) ప్రేయర్ సెల్ ఉండేది, సాయంత్రం గ్రౌండ్ పక్కన కూర్చునేవాళ్లం, యు.ఇ.ఎస్.ఐ. అని 1954 నుంచి ఉన్న స్టూడెంట్ సంస్థ, చదువు అయిపోయి ఉద్యోగంలో ఉన్నవాళ్లకి ఇ.జి.ఎఫ్. ప్లస్ పాయింట్ ఏంటంటే అది చర్చి కాదు, చర్చి అని చెప్పుకోదు కూడా, మీ మీ చర్చిలకి వెళ్లండి అనే చెప్తారు. లూథరన్, బాప్టిస్ట్, సీఎస్ఐ, పెంతెకొస్తు అందరూ ఒకే బైబిల్ స్టడీలో కూర్చుని ఒక్క పేరా మీద గంట కొట్టుకుంటారు, ఎవడూ ఎవడికీ అన్న కాదు. కాకపోతే ఊరికీ ఊరికీ తేడా ఉంటుంది, కొన్ని చోట్ల చప్పగా ఉంటుంది, వెళ్లి చూసుకో.

---

ఒంగోలు_రిటైర్డ్_మాస్టారు

బాబూ, వందనాలు. నేను బాప్టిస్టుని, ఒంగోలు వాడిని, ముంచి ఇచ్చే బాప్తిస్మమే సరైనదని నా నమ్మకం, అది దాచను. నీకు పసితనంలో ఇచ్చినదాని మీద నీతో కూర్చుని వాక్యం తీసి వాదించడానికి కూడా నేను రెడీ. కానీ బాప్తిస్మాన్ని బెదిరింపుగా వాడేవాడు ఏ మిషన్ వాడైనా సరే వాడి మాట వినొద్దు. ఎందుకంటున్నానో మా ప్రాంతం చరిత్ర కొంచెం చెప్తాను, ఇది ఇప్పటి కుర్రాళ్లకి ఎవరూ చెప్పడం లేదు.

1876 నుంచి 78 దాకా పెద్ద కరువు వచ్చింది, ధాత కరువు అని మా తాతల కాలం వాళ్లు చెప్పుకునేవాళ్లు. అప్పుడు ఒంగోల్లో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల ముక్క కాంట్రాక్టు తీసుకుని జనానికి పని పెట్టాడు, కూలి ఇచ్చాడు. ఆ కాలువ గట్టు మీద పని చేసిన వేలమంది వాక్యం విని బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు కూలి జరుగుతున్నంత కాలం ఎవరికీ ఇవ్వను అన్నాడు, తిండి కోసం కలిశారనే మాట రాకూడదని. ఏడాది పైనే ఆపి పెట్టాడు. కూలీ పని అంతా అయిపోయాక, ఇంక మా దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఇచ్చింది ఆ దొర కాదు, తెలుగు బోధకులు, ఆరుగురు వంతులేసుకుని ఇద్దరిద్దరు చొప్పున ఏట్లో దిగి ఇచ్చారు. నా చేతుల మీదుగానే తీసుకోవాలి అనే మాట మీ అన్న ఎక్కడ నేర్చుకున్నాడో మరి.

ఇంకొక సంగతి. మీ ఊరి చర్చిలో వరసల గొడవ, అంటే కులాల గొడవ, అన్నావు గదా. అది ఇప్పటిది కాదు. ఒంగోల్లో క్లౌ దొర మొదట్లో బడి పెడితే పెద్ద కులాల పిల్లలు వచ్చారు, ఆయనకీ సంతోషమే. ఈలోపు తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన విశ్వాసంలోకి వచ్చి తనవాళ్లని తీసుకురావడం మొదలుపెట్టాడు. వీళ్లని చేర్చుకుంటే మేం రాము అన్నారు పెద్ద కులాల వాళ్లు. ఆ రాత్రి దొర, దొరసాని వేరు వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని చెప్తారు, 1 కొరింథీ 1:26 నుంచి, లోకంలో నీచులైనవాళ్లని దేవుడు ఏర్పరచుకున్నాడనే భాగం. పేరయ్యగారి జనాన్నే ఉంచుకున్నారు. బడి ఖాళీ అయింది, సంఘం నిలిచింది. ఈరోజు మా జిల్లాలో సంఘాలు ఉన్నాయంటే ఆ నిర్ణయం వల్లే. సంఘం ఎలాంటిదో చూడాలంటే నేను పాటలు చూడను, ప్రసంగం చూడను, అక్కడ అందరికంటే తక్కువగా చూడబడే మనిషి ఎక్కడ కూర్చుంటున్నాడో, బల్లారాధన రోజు ఆయన పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూస్తాను.

మా పాత మిషన్ సంఘాలు బంగారం అని చెప్పడం లేదు సుమా. స్థలాల కేసులు, కమిటీ ఎన్నికల్లో డబ్బు పంచుకోవడం, అవన్నీ చూసీ చూసీ నా కొడుకే రావడం మానేశాడు. అయినా ఒకటి గమనించు, మీ ఊరి చర్చి లెక్కలు గోడ మీద అంటిస్తారా లేదా? మా ఊళ్లో అయితే ఆదివారం కానుక ఎంత వచ్చిందో వచ్చే ఆదివారం చదివి వినిపిస్తారు, గుప్పెడు బియ్యం కానుక ఎన్ని కిలోలు వచ్చిందో కూడా. గొడవ పడటానికైనా లెక్క కనపడాలి గదా. మియాపూర్ ఫ్లాట్‌లో నువ్విచ్చిన గ్రాస్ మీద పదో వంతు ఎటు పోయిందో ఎవరికైనా తెలుసా?

---

అగ్నిజ్వాల_77

ప్రైజ్ ద లార్డ్. అందరూ ఆ సేవకుణ్ణి ఒక వైపు విని తీర్పు తీరుస్తున్నారు. పొద్దున్నే ప్రార్థన చెయ్యమంటే తప్పా, దశమభాగం ఇవ్వమంటే తప్పా?? మలాకీ 3 చదవండి. రూమ్‌లో తాగుబోతుల మధ్య ఉన్న పిల్లాణ్ణి కాపాడింది ఆ ఫెలోషిప్పే కదా. క్రమశిక్షణ ఇష్టం లేనోళ్లకి ప్రతీదీ కల్టే. అభిషిక్తుని ముట్టకూడదు.

---

బెరయ_బ్యాక్‌బెంచ్

@అగ్నిజ్వాల_77 ప్రార్థన తప్పని ఎవరన్నారు. నైట్ షిఫ్ట్‌లో ఉన్నోడి పేరు గ్రూప్‌లో పెట్టి పరువు తియ్యడం గురించి మాట్లాడుతున్నాం. మలాకీ 3 చదివే ముందు మలాకీ 2 కూడా చదవండి, అందులో మొదటి భాగం యాజకులకే రాసింది. అభిషిక్తుడు అనే కారణంతోనే దావీదు సౌలు రాజుని చంపలేదు నిజమే, కానీ సౌలు ఈటె విసిరినప్పుడు అక్కడే కూర్చోలేదు, తప్పించుకుని పారిపోయాడు.

---

మెదక్_నర్సమ్మ

తమ్ముడూ నీ పోస్ట్ చదివి ఆ సిస్టర్ గురించే ఆలోచిస్తున్న. ఆడపిల్లలకు ఈ దర్శనం పెండ్లిళ్లు మస్తు డేంజర్. నేను హైదరాబాద్‌లో హాస్పిటల్‌ల నర్స్‌ని, హాస్టల్‌ల ఉన్నప్పుడు మా ఫ్రెండ్‌కి గిట్లనే ఒకాయనతోని "దేవుడు చూపించిండు" అని చేసిన్రు, ఆయన జీతం ఎంత, ఇల్లు ఎక్కడ, ఏం అడగనియ్యలేదు, అడిగితే అవిశ్వాసం అన్నరు. అమ్మనాయన గల్లా పట్టుకుని అడిగేదాక ఆయనకు అంతకుముందే పెండ్లయిందని ఎవ్వరూ చెప్పలే. గందుకే దేవుడు చూపిస్తే నాకు కూడా చూపిస్తడు గదా అని అడగాలె ఎవరైనా. నువ్వు బ్లాక్ చెయ్యలేదు చూడు, అది మంచి పని.

ఇగ సంఘం సంగతి. మాది సీఎస్ఐ, మా నాయన మెదక్ చర్చిల గంట కొట్టేటోళ్ల బ్యాచ్. హైదరాబాద్ వచ్చినంక పెద్ద చర్చికి పోయిన, వెయ్యి మంది వస్తరు, మైక్ మంచిగుంటది, ఎండింగ్‌ల "పక్కవాళ్లకు సమాధానం చెప్పండి" అంటే చెయ్యి ఇస్తరు, గేటు దాటినంక ఎవరెవరో. చానా రోజులు నేనే అనుకున్న, ఈళ్లకు ప్రేమ లేదు అని. తర్వాత చూస్తే ఆదివారం కాదు తమ్ముడు, బుధవారం చూడాలె. బుధవారం సాయంత్రం బైబిల్ స్టడీకి ఇరవై మంది కూడ రారు, అందరూ ముసలోళ్లే ఎక్కువ. నేను స్క్రబ్స్ మీదనే పోయేదాన్ని డ్యూటీ దిగి. ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్ అంకుల్ ఉంటడు, ఆయన బీపీ నేనే చూస్త, ఆయన నాకు టీ తెస్తడు. నా బిడ్డ పుట్టినప్పుడు బ్లడ్ కావాలంటే రాత్రి ఆయననే అందరికి ఫోన్ చేసిండు. ప్రేయర్ రిక్వెస్ట్‌ల "నాకు డబ్బు ఇబ్బంది ఉంది" అని ఒకామె చెప్తే ఎవరూ వాక్యం చెప్పలే, ఎంత కావాలమ్మా అని అడిగిన్రు. నాకైతే అదే సంఘం.

గోల్కొండ క్రాస్‌రోడ్స్ కాడ హెబ్రోను అనే సంఘం ఉంటది గదా, సువార్తికుడు బక్త్ సింగ్ గారు ఉన్న చోటు, ఆడికి కూడ ఒక ఫ్రెండ్‌తోని పోయిన. కింద చాపల మీద కూసుంటరు, ఆరాధన చానా లాంగ్ ఉంటది ముందే చెప్తున్న, అయినంక అందరూ వరసల కూసొని ప్రేమ విందు తింటరు. డాక్టర్ పక్కన ఆటో నడిపేటాయన కూసుంటడు, ఎవరొచ్చిన్రో ఎవరు రాలేదో అన్నం వడ్డిచ్చేటప్పుడే తెలుస్తది. నాకు ఆడ కొన్ని పద్ధతులు పడలే, అది వేరే ముచ్చట. కని తినుడు మంచిగ నేర్చుకున్నరు ఆళ్లు.

మీ రూమ్మేట్స్ గురించి ఒకటి చెప్పనా. 1 కొరింథీ 15:33 దుష్టసాంగత్యం అని అందరూ చెప్తరు, అదే పుస్తకం 5:9, 10 ఎవరూ చదవరు, లోకంల ఉన్న మనుషులతోని అస్సలు కలవొద్దంటే లోకం ఇడిచిపెట్టి పోవాలె అని పౌలే రాసిండు. నిన్ను బండి మీద దవాఖానకు తీస్కపోయిన పోరగాళ్లను ఎందుకు ఇడుస్తవు? బెట్టింగ్ నడిచే రూమ్ నుంచి మారు, మనుషుల నుంచి కాదు. సింగిల్ రూమ్ పీజీ తీస్కో కొంచెం ఖర్చయినా, ఆదివారం సాయంత్రం పోయి ఆళ్లతో చాయ్ తాగి రా. ఆ లోన్ యాప్ పోరనికి 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌ల కంప్లైంట్ ఇయ్యమని చెప్పు, ఆనికి తోడు పో. ఆళ్లు నవ్వేది మానేస్తరని చెప్పను. పాస్టర్ గారూ అంటనే ఉంటరు.

ప్రసాదం: దయ్యం పడుతది అన్నదాన్ని పక్కన పెట్టు, విగ్రహం వట్టిదని పౌలు 1 కొరింథీ 8వ అధ్యాయంలనే చెప్పిండు. 10:27, 28 చూస్తే ఎవరన్న పిలిచి పెడితే ఏం అడగకుండ తిను, ఇది అర్పించింది అని చెప్తే ఆ చెప్పినాయన కోసం తినకు అని ఉంటది. నేనైతే తీసుకోను. కని మొఖం గంటు పెట్టుకొని కాదు, నవ్వుకుంటనే "వద్దక్కా, థాంక్స్" అంట. మా వార్డుల అక్కలకు తెల్సు, పూజకు పెట్టకముందే నాకు రెండు అరటిపండ్లు తీసి పక్కన పెడ్తరు. మా చర్చిల తినేటోళ్లు కూడ ఉన్నరు, ఆళ్లతో నేను కొట్లాడ.

---

ఫ్రిస్కో_తెలుగోడు

మాస్టారు గారు చెప్పిన వరసల విషయం దగ్గర ఆగిపోయా. ఇది డాలస్ దాకా వచ్చింది సార్. ఇక్కడ మా తెలుగు చర్చి ఒక అమెరికన్ చర్చి హాల్ అద్దెకి తీసుకుని మధ్యాహ్నం నడుస్తుంది, పాట్‌లక్, పిల్లలకి తెలుగు సండే స్కూల్, చూడ్డానికి చాలా బావుంటుంది. పెళ్లి బయోడేటాలు పంచుకునే గ్రూప్‌లో మాత్రం "బోర్న్ ఎగైన్" అని రాసి పక్కనే కులం రాస్తారు. ఒకతను ఇది తీసేద్దాం అని గ్రూప్‌లో అంటే వారం రోజులు సైలెన్స్, తర్వాత అడ్మిన్ ప్రైవేట్‌గా "అమ్మానాన్నలు ఒప్పుకోరు బ్రదర్" అన్నాడు. గలతీ 2లో పేతురు అన్యజనులతో కలిసి తింటూ, ఇంకో గుంపు రాగానే లేచి వెళ్లిపోతే పౌలు అందరి ముందే నిలదీశాడు. మన దగ్గర ప్రైవేట్ చాట్‌లో కూడా నిలదియ్యరు.

తమ్ముడికి నా సలహా, పర్ఫెక్ట్ చర్చి కోసం నెలకొకటి మార్చుకుంటూ తిరగొద్దు, ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది అదే పని, చివరికి యూట్యూబ్‌లో చూసి ఊరుకుంటారు. ఏదో ఒకటి చూసుకుని ఏడాది కూర్చో, కుర్చీలు వేసే పని తీసుకో. ప్రశ్న అడిగితే ఏం చేస్తారో ఆ ఏడాదిలో తెలిసిపోద్ది.

---

పల్నాడు_కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్, ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. అప్‌డేట్ ఏంటంటే గ్రూప్ లెఫ్ట్ అయ్యా. ఆటోపే తీసేశా (ఉంది, బెరయ బ్రో ఎలా కనిపెట్టావో). అనుకున్నట్టే ఫోన్లు, ఆఫీసు బ్రదర్ క్యాంటీన్‌లో చూసి కూడా తల తిప్పుకుంటున్నాడు, అది బాధగానే ఉంది, వాడు మంచోడు. రాత్రి షిఫ్ట్‌కి వెళ్తుంటే బండి స్కిడ్ అయితే అన్న చెప్పిన శాపమేనేమో అని ఒక్క క్షణం గుండె జారింది, రోడ్డు మీద ఇసుక ఉంది అంతే.

సిస్టర్‌కి ఫోన్ చేశా. మొదట ఎత్తలేదు, నేను కూడా స్క్రీన్‌షాట్ పెట్టాను అనుకుందంట. ఇప్పుడు వాళ్ల అక్క వాళ్లింట్లో ఉంటోంది, ఏ చర్చికీ వెళ్లట్లేదు, ఎవరినీ నమ్మలేకపోతున్నా అంది. నేను మళ్లీ రమ్మని ఎక్కడికీ పిలవలేదు. నర్సమ్మ అక్కా, తను మీతో మాట్లాడొచ్చా అని అడిగింది, మీకు ఓకే అయితే చెప్పండి.

మాస్టారు గారూ, ఊరికి ఫోన్ చేసి అడిగా, మా చర్చిలో కూడా లెక్కలు చదువుతారంట, పోయిన నెల లెక్కలో తేడా వచ్చిందని పెద్ద గొడవ కూడా అయిందంట. మా నాన్న ఆ గొడవలో ముందున్నాడు.

రూమ్ మారడం ఇంకా డిసైడ్ అవ్వలేదు, అడ్వాన్స్ రెండు నెలలది ఇరుక్కుపోయింది. లోన్ యాప్ వాణ్ణి కంప్లైంట్‌కి తీసుకెళ్తా అంటే ఇంట్లో తెలుస్తుందని భయపడుతున్నాడు, ఇంకోసారి అడుగుతా.

కొండాపూర్, మియాపూర్, కూకట్‌పల్లి వైపు నైట్ షిఫ్ట్ వాళ్లకి కుదిరే టైమ్‌లో తెలుగులో బైబిల్ స్టడీ ఏదైనా ఉంటే చెప్పండి, శనివారం మధ్యాహ్నం అయితే ఇంకా బెటర్. బిర్యానీ లేకపోయినా పర్లేదు.

---

మెదక్_నర్సమ్మ

చెల్లెను చెయ్యమను తమ్ముడూ, నాకు ఈ వారమంతా మార్నింగ్ డ్యూటీ, 3 తర్వాత ఎప్పుడైనా. నంబర్ నీకు ప్రైవేట్‌గా పంపిన. చర్చి ముచ్చట నేను ఎత్తనని చెప్పు ఆమెకు.

---

బెరయ_బ్యాక్‌బెంచ్

కూకట్‌పల్లిలో ఒకటి ఉంది, ఏడెనిమిది మందిమి, శనివారం 4కి. ఇప్పుడు రోమా 12 నడుస్తోంది, మూడు వారాలుగా రెండో వచనం దగ్గరే ఆగి ఉన్నాం. బిర్యానీ గ్యారంటీ లేదు, మిర్చి బజ్జీ ఉంటుంది. ఇన్‌బాక్స్ చూడు.